ఎనిమిదో బేరింగు

నేను వస్తున్నానని మా వీధికి నాకంటే ముందు తెలిసేది. లారీ షెడ్డులో పారేసిన నాలుగు పాత బేరింగులను మామిడి చెక్క కింద బిగించిన బండి నాది. దాని మీద కూర్చుని, రెండు చేతులకూ హవాయి చెప్పులు తొడుక్కుని, నేలను వెనక్కి నెడితే అది ముందుకు దొర్లేది. సిమెంటు రోడ్డు మీద ఇనుము దొర్లితే ఎంత గోల పుట్టాలో అంత గోలా పుట్టేది. పడుకున్న కుక్కలు లేచి నన్ను తిట్టేవి. వాకిట్లో బియ్యం చెరిగే ఆడవాళ్ళు తలెత్తకుండానే చేటలు పక్కకు జరుపుకునేవాళ్ళు. మలుపు దగ్గరే ఆ గోల విని మా వదిన కంచంలో అన్నం పెట్టేది. నేను గుమ్మం చేరేసరికి కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు కూడా ఉండేది.

మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి నా కాళ్ళు రెండూ ఎండిపోయాయి. అప్పటినుంచి నేను లోకాన్ని కింద నుంచే చూస్తున్నాను. మనుషుల్ని మొహాలకంటే ముందు చెప్పుల్ని బట్టి గుర్తుపడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా నన్ను చూసి "అయ్యో పాపం" అంటే, "ఏమైందండీ మీకు, పాపం" అని అడిగేవాణ్ణి. దాంతో జాలిపడేవాళ్ళు తగ్గారు. వాళ్ళతోపాటు పలకరించేవాళ్ళూ తగ్గారు.

మాది మార్టూరు. అమ్మానాన్నలు మా చిన్నప్పుడే పోయారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడైన అన్నయ్యే నన్ను పెంచాడు. అన్నయ్య గ్రానైటు పాలిషింగు యూనిట్లో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి రాతి పొడి ఉండేది. తొంభైల చివర్లో వికలాంగుల కోటాలో నాకు ఎస్.టి.డి. బూతు వచ్చింది. హైవే పక్కన, బస్సులు ఆగేచోట. ఇంటి నుంచి కిలోమీటరు పైనే. ఇనప బండి మీద అంత దూరం పోతే భుజాలు ఊడిపోతాయి. అందుకని రోజూ అన్నయ్యే సైకిల్ మీద దించేవాడు.

ఆ దించడం ఎలాగో చెప్పాలి. గుమ్మం దగ్గర అన్నయ్య వెనక్కి తిరిగి గొంతుక్కూర్చునేవాడు. "ఎక్కరా" అనేవాడు. నేను మెడ చుట్టూ చేతులు వేస్తే లేచి, సైకిల్ దాకా మోసి, క్యారేజీ మీద కూర్చోబెట్టి, కాళ్ళు చువ్వల్లో పడకుండా తువ్వాలుతో కట్టేవాడు. బూతు దగ్గర మళ్ళీ తువ్వాలు విప్పి, మళ్ళీ గొంతుక్కూర్చుని, "ఎక్కరా." సాయంత్రం మళ్ళీ ఇదే. నాకప్పటికి పాతికేళ్ళు. మీసాలు దువ్వుకునేవాణ్ణి. బస్సు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా పిల్లాడిలా అన్న వీపెక్కి దిగేవాణ్ణి. అన్నయ్య ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేదేమో, నా కోపానికి ఒక దారి దొరికేది. నేను దేవుణ్ణి అడిగింది కాళ్ళు కాదు. ఎవరి వీపూ ఎక్కకుండా బతికితే చాలన్నాను.

అలాంటప్పుడు వచ్చాడు తెల్లబ్బాయి. మిషన్ హాస్టల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఏదో దేశం నుంచి కొన్ని నెలల కోసం వచ్చాడు. వారానికోసారి నా బూతుకొచ్చి వాళ్ళమ్మకు ఫోన్ చేసేవాడు. వాళ్ళ మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. ఏడుపు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. వాడు తనతో ఒక పొడవాటి చక్రాల చెక్క తెచ్చుకున్నాడు. లాంగ్ బోర్డు అనేవాడు. దాని మీద నిలబడి పోవాలట. మా ఊరి గతుకుల్లో, కంకరలో, పేడలో అది పోతుందా? నాలుగుసార్లు పడ్డాడు. ఊరంతా నవ్వి దానికి దొర చెక్క అని పేరు పెట్టింది.

ఒకరోజు ఫోన్ అయ్యాక వాడు, అన్నయ్య రోజూ సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి తెచ్చే నా ఇనప బండి ముందు కూలబడ్డాడు. దాన్ని తిరగేసి బేరింగులు వేలితో తిప్పి చూశాడు. తర్వాత తన చెక్క తెచ్చి దాని పక్కన పెట్టి, కూర్చోమని చెయ్యి చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. ఆటబొమ్మలా కనిపిస్తున్నానా వీడికి అనుకున్నాను. కానీ చెక్క మీద మనసు పడింది. కూర్చున్నాను. చేత్తో ఒక్కసారి నెట్టాను. రబ్బరో ప్లాస్టికో తెలియని ఆ మెత్తటి చక్రాలు కంకర రాళ్ళ మీద నుంచి కూడా మాట్లాడకుండా పోయాయి. మా బూతు నుంచి సోడా కొట్టు దాకా ఒక్క నెట్టుతో పోయాను. వెనక్కి తిరిగి చూస్తే తెల్లబ్బాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. నేను నవ్వగా చూడడం ఊళ్ళో చాలామందికి అదే మొదలు.

వెళ్ళేముందు చెక్క నాకిచ్చేశాడు. దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పడానికి బూతు ముందు నేల మీద కూర్చుని చక్రాలన్నీ ఊడదీశాడు. వాడికొచ్చిన తెలుగంతా ఒక్కటే మాట, వద్దు. "రెయిన్, వద్దు. సన్, వద్దు. వాటర్, వద్దు." నాలుగు చక్రాలు, చక్రానికి రెండు చొప్పున ఎనిమిది బేరింగులు. ఒక్కోదాన్ని గుడ్డతో తుడిచి, చిన్న సీసాలోంచి రెండే రెండు చుక్కల నూనె వేశాడు. మూడో చుక్క వెయ్యబోతే నా చెయ్యి పట్టుకుని, "వద్దు" అన్నాడు. ముందున్న ఎడమ చక్రాన్ని వెనక కుడికి, వెనక ఎడమ చక్రాన్ని ముందు కుడికి మార్చి బిగించాడు. అలా మారిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయని చేతులతోనే చెప్పాడు. చక్రాలు పోతే ఇక్కడ దొరకవని కూడా చెప్పాడు. నూనె సీసా, ఒక చిన్న రెంచి ఇచ్చి బస్సెక్కాడు. మళ్ళీ ఏ కబురూ లేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నువ్వెళ్ళిపో అన్నయ్యా, నేనొస్తా" అన్నాను. అన్నయ్య ఒక్క క్షణం అలాగే కూర్చుని, లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను దొర చెక్క మీద బూతుకు చేరాను. 

సీసాలో నూనె నాలుగు నెలలకే అయిపోయింది. అప్పుడు చేశాను తెలివితక్కువ పని. మా వీధి చివర ఒక ముసలి రైతు ఉండేవాడు. అందరూ టైరు బండ్లకు మారినా ఆయన మాత్రం చెక్క చక్రాల బండే తోలేవాడు. దాని కింద వెదురు గొట్టం వేలాడేది. అందులో కందెన, అంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన ముద్ద. ఇరుసుకు అది పట్టించందే ఆయన ఎద్దుల్ని కట్టేవాడు కాదు. నా చక్రం కాస్త కిచకిచమనడం విని నవ్వాడు.

"కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అన్నార్రా పెద్దోళ్ళు? పట్టు," అని గొట్టం చేతికిచ్చాడు.

చక్రమన్నాక కందెన వెయ్యాలి. మా తాతలు వేశారు, వాళ్ళ తాతలు వేశారు. పైగా మా వైపు ప్రేమంటే ఎక్కువ వెయ్యడమే, అన్నంలో నెయ్యయినా ఇరుసుకు కందెనైనా. రెండు చుక్కలన్న తెల్లబ్బాయిని పిసినారి కింద జమకట్టేసి, ఎనిమిది బేరింగులకూ వేలితో కూరి కూరి పెట్టాను. రెండు రోజులు చెక్క పట్టులా నడిచింది.

అది మిరపకాయలు ఆరబెట్టే కాలం. హైవేని నాలుగు వరసలు చేస్తున్నారప్పుడు. ఇంకా బండ్లు వదలని కొత్త తారు మీద రైతులు ఫర్లాంగుల కొద్దీ మిరపకాయలు పరిచేవాళ్ళు. ఎర్ర కాయల అంచున జానెడు దారి వదిలితే అందులోంచి నేను పోయేవాణ్ణి. నిలబడి నడిచేవాళ్ళకు మిరప ఘాటు ముక్కుకు తగులుతుంది. నాకు కళ్ళకే తగిలేది. మొహానికి గుడ్డ కట్టుకుని పోయేవాణ్ణి. పత్తి లారీలు పోతే గాలికి దూది పింజలు ఎగిరొచ్చి నేలబారున దొర్లేవి. మిరప దుమ్ము, రోడ్డు దుమ్ము, దూది అన్నీ పోయి ఆ కందెనకు అంటుకున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం సరిగ్గా మిరపకాయల మధ్యలో నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకుపోయాయి. నెడితే చెక్క కదల్లేదు, నేనే ముందుకు పడ్డాను. కారం చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూసుకోండి.

ఎవరో యూనిట్‌కు వెళ్ళి చెప్పినట్టున్నారు. అన్నయ్య ఒళ్ళంతా రాతి బురదతో సైకిలేసుకుని పరుగున వచ్చాడు. నీళ్ళ డబ్బాతో నా మొహం కడిగాడు.  వెనక్కి తిరిగి గొంతుక్కూర్చున్నాడు.

"ఎక్కరా."

మిరపకాయలు తిరగేసే ఆడకూలీలంతా చేతులాపి చూస్తున్నారు. ఎక్కాను. ఆ దారంతా నేను మాట్లాడలేదు. అన్నయ్యే, "చెక్క పోలేదులే, బాగు చేద్దాం" అంటూనే ఉన్నాడు. ఇదే ఆఖరిసారి, చచ్చినా మళ్ళీ ఎక్కను అని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం చెక్కను ముందేసుకుని కూర్చున్నాం. యూనిట్లో రాయి కోసే మిషన్లకు బేరింగులు శుభ్రం చేసే పద్ధతి అన్నయ్యకు తెలుసు. పళ్ళెంలో పెట్రోలు పోసి ఎనిమిదింటినీ నానేశాడు. నల్లటి మడ్డి తేలింది, అందులో ఎర్రగా మిరప పొడి. ఇరుసుకు చుట్టుకున్న దూది దారాల్ని వదిన జడపిన్నుతో లాగింది. బేరింగు అంచు మీద చెక్కిన నంబరు పట్టుకుని అన్నయ్య గుంటూరు పోయి, పాడైన రెండింటి బదులు కొత్తవి తెచ్చాడు. బేరింగులు దొరుకుతాయి, చక్రాలే దొరకవు అని అప్పుడు తేలింది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి తిప్పితే చక్రం చాలాసేపు తిరిగింది. ముగ్గురం అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాం.

తర్వాత తొమ్మిదేళ్ళు ఆ చెక్కను కంటికి రెప్పలా కాపాడాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం విప్పడం, తుడవడం, రెండు చుక్కలు. మా రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి ఎడమ చక్రాలు ముందు అరుగుతాయి, రెండు నెలలకోసారి ఐమూలగా మార్చడం. నట్లు మరీ బిగిస్తే ఇరుసు కింది రబ్బరు పగులుతుంది, మరీ వదిలితే మలుపులో పడేస్తుంది, ఆ మధ్య పట్టు చేతికే తెలియాలి. పత్తి కాలంలో రోజూ సాయంత్రం ఇరుసుల నుంచి దూది లాగడం. ఎండలో నిలబెడితే పొరలు విడతాయి, అందుకని బూతులో నా బల్ల కిందే దాని చోటు. కూర్చునేచోట గోనెపట్టా అంటించాను, లేకపోతే పైనున్న గరుకుకు ప్యాంట్లు నెలకొకటి చిరిగేవి. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. పెళ్ళాన్ని కూడా అలా చూసుకోరురా అని సోడా కొట్టాయన ఎగతాళి చేసేవాడు. పెళ్ళాం లేదుగా, అందుకే, అనేవాణ్ణి.

చెక్క ఎంత బాగా నడిస్తే అంత నిశ్శబ్దంగా నడిచేది. నేను వచ్చిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆడవాళ్ళు ఉలిక్కిపడి, "దయ్యంలా వస్తావేంటయ్యా" అనేవాళ్ళు. ఇంటికొస్తే కంచం ఖాళీగా ఉండేది, నన్ను చూశాక వదిన కంగారుగా లేచేది. బూతులో కూడా అంతే. గాజు గదిలో మనుషులు హైదరాబాదులో కొడుకులకు, చీరాలలో అక్కలకు అరిచి అరిచి అన్నీ చెప్పుకునేవాళ్ళు. బయటికొచ్చి నాతో, "ఎంతయిందండీ" అనేవాళ్ళు. అంతే. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనూ ఎవరికైనా ఫోన్ చేద్దామనుకున్నాను. గుర్తొచ్చిన నంబరు మా బూతుదే. అదే తిప్పాను. ఎంగేజ్ వచ్చింది. పెట్టేశాను.

ఆ రోజుల్లోనే ఒకసారి లైను పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వదిన అప్పుడే వాకిలి కడిగింది, నేల తడిగా ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అన్నయ్య అన్నం తింటూ మాట్లాడుతున్నాడు.

"వాడు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"ఇంట్లోనేగా ఉంటాడు. మాట్లాడు," అంది వదిన.

"ఇంట్లో ఏం మాట్లాడతాడే. సైకిలెక్కితే వెనక నుంచి అన్నీ చెప్పుకుంటా వచ్చేవాడు. ఫోన్లో ఎవరు ఏడ్చారు, ఎవరు అబద్ధాలాడారు, అన్నీ. దిగేదాకా నోరు మూసేవాడు కాదు. ఇప్పుడు వాడికి నాతో పనేముంది?"

"పోనీలే, నీకు బరువు తగ్గిందిగా."

"తగ్గింది," అన్నాడు అన్నయ్య. తర్వాత మజ్జిగ పొయ్యమన్నాడు.

నేను గుమ్మంలో ఉన్నాను. ఒక్కసారి నెడితే లోపలికి పోతాను. "అన్నయ్యా, ఇవాళ ఏమైందో తెలుసా" అంటే సరిపోయేది.  కానీ మనిషికి అహం అనేది ఒకటి ఏడుస్తుందిగా. నెమ్మదిగా వెనక్కి నెట్టాను. చెక్క చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చింది. అదే ఇనప బండి అయితే నాకు పారిపోవడానికి కుదిరేది కాదు.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. ఆ తర్వాతి తుఫానులో బూతులోకి నీళ్ళొచ్చి చెక్క ఒక రాత్రంతా నానింది. అంచున పొరలు విడిపోయాయి. వడ్రంగి జిగురు పోసి అదిమిపెడితే అతుక్కుంటుందన్నారు. అన్నయ్య యూనిట్ నుంచి కోత తప్పి పక్కన పడేసిన గ్రానైటు పలక ఒకటి భుజాన మోసుకొచ్చి చెక్క మీద పెట్టాడు. రెండు రోజులు కదపకూడదు.

"రెండ్రోజులేగా. సైకిల్ మీద దించుతాలేరా," అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన మొహంలో ఆశ చూశాను. ఆయనకేం కావాలో నాకు తెలుసు, నా చెవులతో విన్నాను.

"వద్దులే. రెండ్రోజులు బూతు మూసేస్తా," అన్నాను.

అన్నయ్య సరేనన్నాడు. సైకిల్ క్యారేజీ మీద అప్పటికీ ఆ పాత తువ్వాలు చుట్టే ఉండేది. మర్నాడు చూస్తే లేదు.

ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదట ఒకరిద్దరి జేబుల్లో, తర్వాత కూరగాయల బుట్టల్లో, పొలం గట్ల మీద. గాజు గదిలోకి ఎవరూ రావడం మానేశారు. రీచార్జి కార్డులు అమ్ముకుంటూ కూర్చునేవాణ్ణి. నాకూ ఒక సెల్ కొనుక్కున్నాను. అది మోగితే కంపెనీ వాళ్ళే.

అన్నయ్యకు దగ్గు చాలా ఏళ్ళుగా ఉంది. రాతి పని చేసేవాళ్ళందరికీ ఉండేదే అని ఎవరం పట్టించుకోలేదు. మెట్టెక్కితే ఆయాసం వచ్చేదాకా వచ్చాక గుంటూరు తీసుకెళ్ళాం. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయిందని, అది పోయేది కాదని చెప్పాడు. బేరింగులో దుమ్ము చేరితే పెట్రోల్లో కడుక్కోవచ్చు. మనిషిని దేంట్లో కడుగుతారు? తిరుగు బస్సులో నాకు ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ తోచలేదు.

అన్నయ్య ముందు గదిలో మంచానికి అంటుకుపోయాడు. గోడకు దిండ్లు వేసి ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉండేవాడు. కళ్ళు తెరిచినా అలుపే. ఒక సాయంత్రం నేను వచ్చి మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాక కళ్ళు తెరిచాడు.

"ఎప్పుడొచ్చావురా?"

"ఇందాకే."

"తెలీదు నువ్వొచ్చేది," అని కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఆ ఇనప బండి ఉన్నప్పుడు మలుపు కాడే తెలిసేది. పొద్దంతా ఇట్టా పడుంటే... ఎవరో ఒకరు వస్తన్నట్టు చప్పుడుంటే బాగుండు."

ఆ మాట అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇనప బండి తుప్పు పట్టి ఎప్పుడో పోయింది.

ఆదివారం వచ్చింది. చెక్కను విప్పాను. ఏడు బేరింగులకు రెండేసి చుక్కలు వేశాను. ఎనిమిదోదాన్ని పెట్రోల్లో కడిగి, ఎండబెట్టి, పొడిగానే బిగించాను. రెండు రోజులైనా అది నోరు విప్పలేదు, తొమ్మిదేళ్ళు తాగిన నూనె మరి. అప్పుడు మళ్ళీ విప్పి, అన్నయ్య పని చొక్కా జేబు మడతలో మిగిలిన రాతి పొడి చిటికెడు తీసి అందులో వేశాను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. అలా నడిస్తే బేరింగు పోతుంది, దాంతో అది కూర్చునే చక్రం గూడు అరిగి చక్రమే పోతుంది. చక్రం పోతే చెక్క పోయినట్టే. చెక్క పోతే నా గతేంటో కూడా తెలుసు. తెలిసే బిగించాను.

మర్నాడు సాయంత్రం మలుపు తిరుగుతుండగా చక్రం ఏడవడం మొదలుపెట్టింది. చెవులు గింగుర్లెత్తే ఏడుపు. కుక్కలు లేచాయి. మా ఇంటి కిటికీలోంచి అన్నయ్య గొంతు వినిపించింది, దగ్గుతూ. "ఏమే, వాడొస్తన్నాడు. అన్నం పెట్టు."

నాకు కళ్ళు మసకలయ్యాయి. మిరపకాయల కాలం కూడా కాదు.

ఆ రోజు నుంచి అన్నయ్యకు అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. సోడా కొట్టాయన కొత్తగా పెట్టుకున్న పళ్ళ సెట్టు గురించి, అప్పుల వాడికి దొరక్కుండా సెల్‌ఫోన్లో "నేను ఒంగోల్లో ఉన్నా" అని మా బూతు ముందు నిలబడి అబద్ధమాడినవాడి గురించి. అన్నయ్య నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొచ్చినా నవ్వేవాడు. వదిన తిట్టేది. "చక్రం ఎండిపోయిందిరా, నూనె వెయ్యి" అని అన్నయ్య రోజూ అనేవాడు. వేస్తాలే అనేవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి, ఆ తడి వాకిలి నాటి సంగతీ చెప్పేశాను.

"తెలుసురా," అన్నాడు. "చెయ్యి కడుక్కోడానికి బయటికొస్తే వాకిట్లో చక్రాల గుర్తులున్నాయి. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినై."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశా."

ఎన్నేళ్ళు చూశాడో లెక్కేసుకుంటే నాకు దుఃఖం ఆగలేదు. మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. అన్నయ్య నా జుట్టులో చెయ్యి పెట్టి, "నూనె వెయ్యరా చక్రానికి" అన్నాడు.

నేను వెయ్యలేదు. నాలుగో నెలలో, ఎండ దిగుతున్న వేళ, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఆ చక్రం టక్కుమని బిగుసుకుపోయింది. చెక్క పక్కకు తిరిగి నన్ను పడేసింది. చూస్తే గూడు పగిలి చక్రం రెండుగా విచ్చుకుంది. ఇక అది అతికేది కాదు. నేను దెబ్బల సంగతి చూసుకుంటూ కూర్చున్నాను, పాకుదామా, ఎవర్నైనా కేకేద్దామా అని.

ఇంట్లో అన్నయ్యకు చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ మధ్యలో ఆగిపోయింది. "వాడు ఆగిపోయాడే" అన్నాడట. వదిన పెరట్లో ఉంది, వినలేదు. మూడు వారాలుగా మంచం దిగని మనిషి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. నన్ను చూశాడు. పక్కింటి అరుగు పట్టుకున్నాడు, ఆ తర్వాత కరెంటు స్తంభం పట్టుకున్నాడు. రెండడుగులకోసారి ఆగి ఊపిరి లాక్కుంటూ వచ్చాడు. "రావద్దు అన్నయ్యా, నేనొస్తా, రావద్దు" అంటూనే ఉన్నాను. వింటేగా.

నా ముందుకొచ్చి, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. బనీను కింద ఎముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఊపిరికి వీపంతా ఎగిరెగిరి పడుతోంది.

"ఎక్కరా," అన్నాడు.

ఆయన నన్ను మోయలేడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చచ్చినా ఎక్కనని మిరపకాయల మధ్య పెట్టుకున్న ఒట్టు కూడా గుర్తుంది. ముందుకు జరిగి రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ వేశాను. బరువు పడకుండా నేల మీదే ఉండి, నా చెంప ఆయన వీపుకు ఆనించాను. ఆయన లేవలేదు. నేను దిగలేదు. వదిన పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, పక్కనే నిలబడిపోయింది.

"ఇవాళ బూతులో ఏమైందిరా?" అన్నాడు అన్నయ్య కాసేపటికి.

చెప్పడం మొదలుపెట్టాను.